అమ్ముకున్నది ఎవరు? మధురవాణి నుంచి బర్క్‌లీ దాకా

వేశ్య, గణిక, వెలయాలు, వారకాంత, పణ్యాంగన, సాని, భోగంమనిషి, పడుపుకత్తె. ఇవి నిఘంటువు తెరవకుండానే గుర్తుకు వచ్చే మాటలు. వాడుకలోని తిట్లను కూడా కలిపితే జాబితా ఇంకా పెరుగుతుంది. ఆమె దగ్గరకు వెళ్ళే మగవాడికి మాత్రం మనకు మిగిలింది దాదాపు ఒక్కటే మాట: విటుడు. అదీ సంస్కృత నాటకాల నుంచి వచ్చినదే. అక్కడ విటుడంటే రసికుడు, కళలు తెలిసినవాడు, నాయకుడికి చెలికాడు. నేటి దినపత్రికల నేరవార్తల్లో ఆ మాట పోలీసు పరిభాషగా మారిందేమో కాని, ఎవరూ ఎవరినీ ‘విటుడా’ అని తిట్టగా వినం. తిట్టుగా పనికిరాని మాటలో నింద ఉండదు.

‘వ్యభిచారం’ అన్న మాటనూ ఒకసారి పరిశీలించాలి. దాని మూలార్థం దారి తప్పడం. తర్కశాస్త్రంలో సాధ్యాన్ని విడిచి పక్కకు పోయే హేతువును సవ్యభిచారం అంటారు. వివాహేతర సంబంధానికీ, డబ్బుకు జరిగే లైంగిక వ్యాపారానికీ మనం ఇదే మాట వాడుతున్నాం. అంటే, ఒక వ్యాపారంలో కొనుగోలుదారు, దళారి, ఇల్లు అద్దెకిచ్చినవాడు, చూసీచూడనట్టు ఊరుకున్న అధికారి ఇందరు ఉన్నా, మన భాషకు కనిపించేది దారి తప్పిన స్త్రీ ఒక్కతే.

వీటన్నిటికంటే సూక్ష్మమైనది ఒక క్రియ: అమ్ముకొను. ‘ఒళ్ళమ్ముకునేది’ అంటాం. ఇందులో అమ్మేదీ ఆమే, అమ్ముడుపోయేదీ ఆమే. చివరి ‘కొను’ అనే ఆత్మార్థకం వల్ల లాభం పొందేదీ ఆమే అన్న భ్రాంతి కూడా కలుగుతుంది. ఇదే క్రియను మరో సందర్భంలోనూ వాడతాం: ‘కూతుర్ని అమ్ముకున్నాడు’. ఇక్కడ అమ్మినవాడు తండ్రి, అమ్ముడుపోయినది పిల్ల. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూసిన తెలుగు రచయిత గురజాడ. ఆ చూపును మనం ఎంతవరకు నిలుపుకున్నాం, సముద్రాలు దాటి అమెరికా వచ్చినప్పుడు దాన్ని వెంట తెచ్చుకున్నామా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

ఒకే రంగస్థలం మీద రెండు సంతలు

1892లో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా మారిన ‘కన్యాశుల్కం’ గురించి తెలుగు విమర్శ చాలా చెప్పింది. మధురవాణి తెలివి, హాస్యం, ఔదార్యం గురించి గ్రంథాలే వచ్చాయి. అయితే నాటకనిర్మాణంలోని ఒక అంశానికి అంత ప్రాధాన్యం దక్కలేదు. గురజాడ తన తొలి కూర్పు పీఠికలో, విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో సేకరింపజేసిన లెక్కలు చెప్పాడు. మూడేళ్ళలో నమోదైన కన్యాశుల్క వివాహాలు 1034. వాటిలో ఐదేళ్ళు, నాలుగేళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలూ ఉన్నారు. అంటే ఇది ఒకరిద్దరు లోభుల దుర్గుణం కాదు, ధరలూ దళారులూ ఉన్న ఒక సంత.

ఆ సంతకు పక్కనే గురజాడ మధురవాణి ఇంటిని పెట్టాడు. రామప్పంతులు ఆ రెండు చోట్లా తిరిగే మనిషి. పెళ్ళి బేరం కుదిర్చేవాడూ అతనే, వేశ్యను ఉంచుకున్నవాడూ అతనే. ఒక సంతకు మంత్రాలు, మేళతాళాలు ఉన్నాయి, రెండోదానికి లేవు. ఒకదానిలో సుబ్బి వంటి పసిపిల్లకు నోరు లేదు. రెండోదానిలో మధురవాణికి నోరు ఉంది, లెక్క తెలుసు, అవసరమైతే బేరం వదులుకునే అధికారం కూడా కొంత ఉంది. ఎక్కువ దోపిడి జరుగుతున్నది ఎక్కడ అని నాటకం మనల్ని అడగకుండానే అడుగుతుంది. గౌరవం ఉన్నచోట దోపిడి ఉండదన్న నమ్మకాన్ని తలకిందులు చేయడమే కన్యాశుల్కం చేసిన అసలు పని.

సౌజన్యారావు పంతులు పాత్ర ఈ దృష్టితో చూస్తే మరింత ఆసక్తికరం. అతడు నిజాయితీపరుడు, దయగలవాడు, వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్నవాడు. లుబ్ధావధాన్లను రక్షించే సమాచారం మాత్రం ఆ చూడకూడని మనిషి దగ్గరే ఉంది. ఆమె మగవేషంలో రావలసి రావడం కేవలం హాస్యం కోసం కాదు. సంస్కర్త ఎదుట స్త్రీగా నిలబడితే ఆమె మాటకు విలువ లేదు. ఆమె సాక్ష్యం కావాలి, ఆమె సన్నిధి అక్కర్లేదు. ఈ వైఖరి మనకు ఈ వ్యాసంలో మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

గురజాడ నాటకంలో చూపిన సంక్లిష్టతను సంస్కరణోద్యమం నిలుపుకోలేదు. వీరేశలింగం మొదలుకొని మద్రాసు సంస్కర్తల దాకా నడిపిన నాచ్ వ్యతిరేకోద్యమం ప్రధానంగా సానుల మీదికే మళ్ళింది. వాళ్ళను పోషించిన జమీందార్లు, మేజువాణీలు పెట్టించిన పెద్దమనుషులు తమ అలవాటు మానుకుంటే చాలు, సంస్కర్తలైపోయారు. మానుకోవడం వారికి పుణ్యం. ఆ స్త్రీలకు అదే జీవనోపాధి పోవడం. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చేనాటికి ఆ వృత్తితో ముడిపడిన కళ గౌరవ కుటుంబాల ఇళ్ళకు మారడం మొదలైంది. కళను కన్న మనుషులు మాత్రం గోదావరి డెల్టా ఊళ్ళలో తమ గతాన్ని దాచుకుని బతకవలసి వచ్చింది. ఈ కలావంతుల జ్ఞాపకాలను దవేష్ సొనేజీ 2012లో వెలువడిన తన పరిశోధన గ్రంథంలో నమోదు చేశాడు. దోపిడిని నిర్మూలించడం, దోపిడికి గురైనవారిని కంటికి కనబడకుండా చేయడం ఒకటి కాదన్నది ఆ చరిత్ర చెప్పే మాట.

ఆ ఉద్యమపు సాహిత్య ముఖం ముద్దుపళని విషయంలో బయటపడింది. ‘రాధికా సాంత్వనము’ రాసినది వేశ్య కాబట్టి ఆ శృంగారం సిగ్గులేనితనమైంది. ప్రబంధకవులైన మగవారు రాసిన శృంగారం మాత్రం పాఠ్యగ్రంథంగా సాగింది. 1910లో ఆ కావ్యాన్ని తిరిగి ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మ అడిగిన ప్రశ్న సారాంశం ఇదే: ఈ సిగ్గు ఆడవాళ్ళకేనా? కావ్యం గురించి వేసిన ఆ ప్రశ్న వ్యాపారానికీ వర్తిస్తుంది.

వలస వచ్చిన దేశంలో ముందే ఉన్న గీత

తెలుగువారు అమెరికాకు తమ సంస్కారంతో వచ్చారు. అమెరికాకూ ఈ విషయంలో తనదైన సంస్కారం అప్పటికే ఉంది. ఈ దేశం వలసలను కట్టడి చేస్తూ చేసిన తొలి సమాఖ్య చట్టాలలో ఒకటి 1875 నాటి పేజ్ చట్టం. చైనా, జపాన్ తదితర ప్రాచ్యదేశాల నుంచి వ్యభిచారం కోసం స్త్రీలను తీసుకురాకూడదని అది శాసించింది. ఆచరణలో జరిగినది వేరు. ఓడ ఎక్కదలచిన ప్రతి చైనా స్త్రీనీ అధికారులు అనుమానంతో ప్రశ్నించారు. తాను ‘అలాంటిది’ కాదని రుజువు చేసుకునే భారం ఆమె మీదే పడింది. భార్యలు కూడా రాలేకపోయారు. చైనా కూలీల రాకను నిషేధించిన 1882 నాటి చట్టానికి ఏడేళ్ళ ముందే చైనా స్త్రీకి తలుపు మూసుకుపోయింది. స్త్రీరక్షణ పేరుతో వచ్చిన చట్టం స్త్రీల మీదే పనిచేసింది.

1910 నాటి మాన్ చట్టం దీనికి మరో వైపు. ‘తెల్ల బానిసత్వం’ అన్న మాట అప్పుడు దేశమంతా మారుమోగింది. ఆ మాటలోనే రక్షణకు అర్హురాలెవరో స్పష్టంగా ఉంది: అమాయకురాలైన తెల్లపిల్ల. ‘అనైతిక ప్రయోజనం’ కోసం స్త్రీని రాష్ట్రం సరిహద్దు దాటించడం నేరమన్నారు. 1917లో కామినెట్టి కేసులో సుప్రీంకోర్టు, డబ్బు ప్రసక్తి లేని సంబంధాలకు కూడా ఆ పదం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. అంతకుముందే, 1913లో, నల్లజాతి ముష్టియుద్ధ విజేత జాక్ జాన్సన్‌ను ఒక తెల్ల స్త్రీతో చేసిన ప్రయాణాల విషయంలో ఇదే చట్టం కింద దోషిని చేశారు. నూరేళ్ళు దాటాక, 2018లో, ఆయనకు మరణానంతర క్షమాభిక్ష లభించింది. వ్యాపారాన్ని పట్టుకోవలసిన చట్టం వర్ణాన్నీ శీలాన్నీ కాపలా కాసింది.

రెండు చట్టాలనూ కలిపి చూస్తే ఒక గీత కనబడుతుంది. గీతకు ఒకవైపు, మోసపోయిన అమాయకురాలు; ఆమెను రక్షించాలి. రెండోవైపు, తెలిసి వచ్చిన పతిత, ఆమెను తరిమేయాలి. మన ఊళ్ళో సుబ్బికీ మధురవాణికీ మధ్య గీసిన గీత కూడా ఇదే. కొనేవాడు మాత్రం ఆ గీతకు ఏ వైపునా లేడు. అందుచేత ఈ విషయంలో తెలుగు మధ్యతరగతి అమెరికాలో పరాయితనం అనుభవించవలసిన అవసరం రాలేదు.

బర్క్‌లీ: చెప్పని కథ

1999 నవంబరు 24న, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంటులో కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు వల్ల 17 ఏళ్ళ తెలుగు అమ్మాయి చనిపోయింది. ఆమె చెల్లెలు ప్రాణాపాయం నుంచి బయటపడింది. స్పృహలేని పిల్లను కొందరు తివాచీలో చుట్టి వాహనంలోకి ఎక్కిస్తుండగా, ఆ దారిన పోతున్న ఒక స్థానిక మహిళ అడ్డుపడింది కాబట్టి పోలీసులు వచ్చారు. మొదట అందరికీ అది వేడిగొట్టం మూసుకుపోయి జరిగిన ప్రమాదం. స్కూలుకు వెళ్ళవలసిన వయసులో ఉన్న ఈ పిల్ల ఏ స్కూల్లోనూ ఎందుకు లేదన్న ప్రశ్న వేసినది, బర్క్‌లీ హైస్కూలు విద్యార్థి పత్రిక ‘జాకెట్’కు రాసే ఇద్దరు అమ్మాయిలు. పెద్ద పత్రికలకు తట్టని ప్రశ్న ఆ ఈడు పిల్లలకు తట్టింది.

ఆ భవనం యజమాని లకిరెడ్డి బాలిరెడ్డి. అప్పటి కృష్ణా జిల్లాలోని మైలవరం దగ్గరి వెల్వడం ఆయన స్వగ్రామం. 1960లో అమెరికా వచ్చి, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగు చదివి, ‘పసంద్’ అనే దక్షిణాది భోజనశాల తెరిచి, క్రమంగా వెయ్యికి పైగా అద్దె ఇళ్ళకు యజమాని అయ్యాడు. ఆ నగరంలో అతి పెద్ద భూస్వాములలో ఒకడు. స్వగ్రామంలో బడులు కట్టించాడు. ఆయన పేరిట 1998లో మైలవరంలో ఇంజనీరింగు కళాశాల వెలిసింది. 2000 జనవరిలో అరెస్టయ్యాడు. 2001 మార్చిలో నేరాలు ఒప్పుకున్నాడు: వలస చట్టాలను మోసగించే కుట్ర, చట్టవిరుద్ధ లైంగిక చర్య కోసం మైనరు బాలికలను తరలించడం, తప్పుడు పన్ను పత్రం. అదే ఏడాది జూన్‌లో 97 నెలల జైలు, బాధితులకు 20 లక్షల డాలర్ల పరిహారం శిక్షగా పడ్డాయి. కుటుంబ సభ్యులు మరికొందరికీ శిక్షలు పడ్డాయి. ఆయన 2021లో మరణించాడు.

ఈ వివరాలు రెండు దశాబ్దాలుగా అందరికీ అందుబాటులో ఉన్నవే. వాటి మీద మనం చేయవలసిన ఆలోచన మాత్రం చేయలేదు. నాలుగు అంశాలు ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

మొదటిది దారి. ఆ పిల్లలు ఏ దొంగ పడవలోనూ రాలేదు. కంప్యూటరు ఉద్యోగం పేరుతో తీసుకున్న హెచ్-1బి వీసా మీద వచ్చిన ఒక మనిషికి కూతుళ్ళుగా చూపించి తెచ్చారు. లక్షలమంది తెలుగువారిని ఈ దేశానికి తెచ్చిన తలుపు అది. మన విజయగాథకూ ఈ నేరానికీ ద్వారం ఒక్కటే అయినప్పుడు, అది మనకు సంబంధంలేని అధోలోకంలో జరిగిందని చెప్పుకోవడం కుదరదు.

రెండవది కులం. బాధితులు పేద దళిత కుటుంబాల పిల్లలు. యజమాని వారి ప్రాంతపు భూస్వామి వర్గానికి చెందినవాడు. తెలుగు నేలకు ఈ సంబంధం కొత్త కాదు. తెలంగాణ గడీలలో వధువు వెంట పంపిన ఆడబాపలు, జోగినులు, రాయలసీమ బసివిరాండ్రు, చిత్తూరు ప్రాంతపు మాతమ్మలు, వీళ్ళంతా ఎక్కువగా ఏ వాడల నుంచి వచ్చారో మనకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ అంకిత నిషేధ చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. పాలేరు ఇంటి ఆడపిల్ల మీద దొరకు హక్కు ఉంటుందన్న పాత భావన, అద్దె ఒప్పందాల, వీసా పత్రాల రూపంలో బర్క్‌లీలో మళ్ళీ తలెత్తింది. దాన్ని అమెరికా సమాజపు పతనంగా చూపడం ఎంత సులభమో అంత అబద్ధం.

మూడవది భాష. ఆ పిల్లలకు తెలుగు తప్ప మరొకటి రాదు. అలాంటి ఆపదలో వాళ్ళ మాటను బయటికి చేర్చగలిగినవారు మన మధ్యే ఉన్నారు. వాళ్ళు ఆ రెస్టారెంటులో భోంచేసినవారు, ఆ ఇళ్ళలో అద్దెకున్నవారు, ఆ యజమానిని వేదికల మీద కలిసినవారు. మాతృభాష గురించి మనం మాట్లాడేటప్పుడు అది సంస్కృతి అంటాం, పిల్లలకు నేర్పాలంటాం. ఆ అపార్ట్‌మెంటులో మాతృభాష ఒక గోడ. ఆ గోడకు తలుపు కాగలిగినవారు కాలేకపోయారు.

నాలుగవది సమర్థన. నేరం రుజువైన తరువాత కూడా వినిపించిన మాటలు మూడు రకాలు. ఆయన ఊరికి ఎంతో చేశాడు. ఆ పిల్లలు అక్కడ ఉంటే తిండికే గతిలేదు. తల్లిదండ్రులు తెలిసే పంపారు. ఒక్కోదాన్నీ విప్పి చూడాలి. ఊరికి చేసిన మేలు నేరానికి వ్యతిరేకమైన సాక్ష్యం కాదు, నేరానికి అనుకూలించిన పరిస్థితి. ఊరంతా ఒక మనిషికి ఋణపడి ఉన్నప్పుడు ఆ మనిషి అడిగిన పిల్లను పంపనని చెప్పే శక్తి ఏ కూలివానికి ఉంటుంది? రెండో మాట, ఆకలిని దోపిడికి కారణంగా కాక దోపిడికి అనుమతిగా మారుస్తుంది. మూడో మాట నేరుగా ‘అమ్ముకున్నాడు’ అన్న క్రియ దగ్గరకే తీసుకువస్తుంది. అమ్మినవాడి మీద మన కోపమంతా ఖర్చు చేస్తే, కొన్నవాడికి మిగిలేది జాలే. గురజాడ 1034 పెళ్ళిళ్ళ లెక్క చూపింది తండ్రులను తిట్టడానికి మాత్రమే కాదు. ముసలి వరుడి డబ్బు లేకపోతే ఆ సంతే లేదని లుబ్ధావధాన్లను రంగం మీదికి తెచ్చి చూపడానికి.

న్యాయం జరగాలని బహిరంగంగా నిలబడ్డవారూ ఉన్నారు. బే ఏరియాలో దక్షిణాసియా స్త్రీల కోసం పనిచేస్తున్న నారిక, మైత్రి వంటి సంస్థలు, ఈ కేసు నేపథ్యంలోనే 2000లో ఏర్పడిన ‘అసాటా’ బృందం కోర్టు మెట్ల మీదా, ఆ రెస్టారెంటు ఎదుటా నిరసన తెలిపాయి. వాళ్ళలో భాష, రాష్ట్రం, మతం వేరైన యువతీయువకులు ఎక్కువ. తెలుగు అన్న గుర్తింపుతో సంఘటితమైన గొంతు అంత గట్టిగా వినిపించలేదు. ప్రవాస తెలుగు కథకు ఒంటరితనం, తరాల అంతరం, వృద్ధులైన తల్లిదండ్రులు ఇష్టమైన వస్తువులయ్యాయి. ఆ వరసలో ఈ అపార్ట్‌మెంటుకు చోటు దొరకలేదు. సాహిత్యంలో ఏది వస్తువు కాలేదో చూసినా ఆ సమాజపు విలువలు అర్థమవుతాయి.

షికాగో: నవ్విన కథ

2018 జూన్‌లో షికాగో సమాఖ్య కోర్టులో బయటపడిన ఒక అభియోగం మరో వైఖరిని చూపించింది. తెలుగు సినిమాలతో సంబంధమున్న నటీమణులను తాత్కాలిక వీసాల మీద రప్పించి, వివిధ నగరాలలో వ్యభిచారంలోకి దించారన్నది ఒక దంపతుల మీద ఆరోపణ. వీసా దరఖాస్తుల్లో తెలుగు సంఘాల సభలకూ, సాంస్కృతిక కార్యక్రమాలకూ హాజరయ్యేందుకని రాసినట్టు దర్యాప్తు అధికారులు పేర్కొన్నారు.

ఆ పత్రంలో స్త్రీల పేర్లు లేవు. బాధితురాలు ‘ఎ’, బాధితురాలు ‘బి’ అని అక్షరాలతో సూచించారు. ఆ అక్షరాల వెనక ఎవరున్నారో ఊహించడమే మన చానళ్ళకూ, సామాజిక మాధ్యమాలకూ కొన్ని వారాల పని అయింది. అమెరికాలోని ఇన్ని నగరాలలో డబ్బు పెట్టినవారు ఎవరన్న కుతూహలం అంతగా కనబడలేదు. గిరాకీ లేకుండా ఏ సరుకూ సముద్రం దాటి రాదన్నది వ్యాపారం చేసే జాతిగా మనకు తెలియని సూత్రం కాదు. అయినా ‘బాధితురాలు’ అన్న మాట ఆ పత్రంలో ఉన్నా, మన వార్తల్లో అది ‘పట్టుబడ్డ హీరోయిన్’ అయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, సినీరంగంలో అవకాశాల కోసం లైంగికంగా లొంగవలసి వస్తోందని శ్రీరెడ్డి హైదరాబాదు ఫిలింనగర్‌లో బహిరంగ నిరసన తెలిపింది. ఆమె చెప్పినదాని కంటే ఆమె నిరసన తెలిపిన రూపమే మనకు ఎక్కువ చర్చనీయమైంది. ఆ రెండు సంఘటనలనూ కలిపి చదివినవారు తక్కువ.

బర్క్‌లీలో బాధితులు నోరులేని పసివాళ్ళు; అక్కడ మనం మౌనంగా ఉన్నాం. షికాగోలో బాధితులుగా పేర్కొన్నవారు నటీమణులు. అక్కడ మనం నవ్వుకున్నాం. ఒకరు సుబ్బి వారసులు, మరొకరు మధురవాణి వారసులు. మౌనానికీ నవ్వుకూ కారణం ఒక్కటే. రెండిటిలోనూ అవతలి మనిషి మన పక్క కుర్చీలో కూర్చోగలిగినవాడు.

ఈ జబ్బు తెలుగువారికే పరిమితం కాదు. 2021 మార్చి 16న అట్లాంటా ప్రాంతంలోని మసాజ్ పార్లర్లలో ఒక యువకుడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. వారిలో ఆరుగురు ఆసియా సంతతి స్త్రీలు. ఆ స్థలాలు తనకు ప్రలోభాలనీ, వాటిని తొలగించదలచాననీ అతడు చెప్పినట్టు పోలీసులు ప్రకటించారు. తన కోరికకు ఎదుటి స్త్రీని బాధ్యురాలిని చేయడం దీనికంటే స్పష్టంగా ఉండదు. ఆసియా స్త్రీ అనగానే అనుమానించిన 1875 నాటి చట్టానికీ ఈ మాటకూ మధ్య 146 ఏళ్ళ దూరమున్నా, తర్కం ఒక్కటే.

రెండు వాదాలు, ఒక లోటు

ఈ విషయంలో అమెరికా స్త్రీవాదులు ఏకాభిప్రాయంతో లేరు. లైంగిక వ్యాపారమంతా హింసేనని, సమ్మతి అన్న మాటకే అక్కడ అర్థం లేదని ఆండ్రియా డ్వార్కిన్, కాథరిన్ మెకినన్ వంటివారు వాదించారు. 1973లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్గో సెయింట్ జేమ్స్ స్థాపించిన ‘కయోటీ’ మొదలుకొని మరో ధోరణి, దీన్ని శ్రమగా గుర్తించాలనీ, నేరంగా చూడడం వల్లనే ఆ స్త్రీలు పోలీసులకూ దళారులకూ బలి అవుతున్నారనీ అంటుంది. చట్టాలూ అలాగే చీలి ఉన్నాయి. నెవాడాలో కొన్ని గ్రామీణ కౌంటీలు అనుమతి ఇస్తాయి. స్వీడన్ 1999లో అమ్మడాన్ని వదిలి కొనడాన్ని నేరం చేసింది. 2023లో మెయిన్ రాష్ట్రం అమెరికాలో మొదటిసారి ఆ దారి పట్టింది. కొనేవాడిని శిక్షిస్తే వ్యాపారం మరింత చీకట్లోకి పోయి స్త్రీలకే ప్రమాదమని రెండో ధోరణివారు దానినీ విమర్శిస్తారు.

2000 అక్టోబరులో వచ్చిన మనుషుల అక్రమరవాణా బాధితుల రక్షణ చట్టం ఈ చర్చలో ఒక మలుపు. బర్క్‌లీ నేరాలు అంతకు ముందువి కాబట్టి ఆ కేసు పాత చట్టాల కిందే నడిచింది. మైనర్ల తరలింపు అభియోగం మాన్ చట్టం సంతతే. కొత్త చట్టం బాధితులకు టి-వీసా ఇచ్చింది, ఏడాదికి 5000 మందికి మించకుండా. కాని పెద్దవయసు స్త్రీల విషయంలో బలప్రయోగం, మోసం, నిర్బంధం రుజువు కావాలి. సాధారణంగా ఆమె పోలీసులకు సహకరించాలి. అంటే పాత గీత చెరిగిపోలేదు, కొంచెం జరిగింది. మోసపోయినట్టు రుజువు చేసుకుంటే రక్షణ. లేకపోతే దేశం నుంచి పంపివేత. సౌజన్యారావు ఇంటి గుమ్మం దగ్గర మధురవాణి ఎదుర్కొన్న షరతు కూడా దాదాపు ఇదే.

ఈ రెండు వాదాలలో ఏది సరైనదో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నా అభిప్రాయంలో, స్త్రీని శిక్షించరాదన్న విషయంలో రెండూ కలుస్తాయి. అసమానతను, అంటే డబ్బు, కులం, వీసా, భాష ఎవరి చేతిలో ఉన్నాయో చూడాలన్న విషయంలోనూ కలుస్తాయి. మన లోటు ఏమిటంటే, తెలుగు చర్చ ఈ వాదాల దాకానే రాలేదు. మనం ఇంకా ఆమె మంచిదా చెడ్డదా అన్న దగ్గరే ఉన్నాం. బాధితురాలు అమాయకురాలైతేనే నేరం నేరమవుతుందన్న షరతు మనది. అమాయకత్వం న్యాయానికి ప్రవేశ రుసుము కాకూడదు. డబ్బుకు ఒప్పుకున్న స్త్రీ మీద కూడా బెదిరింపు బెదిరింపే, పాస్‌పోర్టు లాక్కోవడం నేరమే.

సినిమా కూడా మనకు పెద్దగా సాయం చేయలేదు. మంచిమనసున్న వేశ్య, చివరికి చచ్చిపోయే వేశ్య అన్న రెండు మూసల్లోనే చాలాకాలం నడిచింది. 2013 నాటి ‘నా బంగారు తల్లి’ మినహాయింపు. పరువుగల తండ్రే ఆ వ్యాపారంలో ఉన్నాడని చూపించిన ఆ చిత్రం, ప్రశ్నను స్త్రీ శీలం మీద నుంచి మగవాడి జీవనోపాధి మీదికి మళ్ళించింది. దాని జాతీయ పురస్కారం చాలామందికి గుర్తులేదు. అలాంటి చిత్రాలు మళ్ళీ మళ్ళీ రానూ లేదు.

పరువు అనే అడ్డుతెర

పై సందర్భాలన్నిటిలోనూ చివరికి వచ్చే మాట పరువు. ‘మనవాళ్ళ పరువు తీయకండి’ అన్నది ప్రవాసంలో మరింత బలంగా వినిపిస్తుంది. అల్పసంఖ్యాకులుగా ఉన్నచోట ఒకరి నేరం అందరి మీదా పడుతుందన్న భయం నిరాధారం కాదు. ఆసియా స్త్రీల మీద అమెరికా మోపిన అనుమానపు చరిత్ర పైన చూశాం. కాని ఆ భయాన్ని ఎవరి ఖర్చుతో తీర్చుకుంటున్నామన్నది చూడాలి. పరువు కాపాడిన ప్రతిసారీ నేరస్థుడి సౌకర్యం కూడా కాపాడాం. మైలవరం కళాశాలకు ఆ పేరు ఇప్పటికీ ఉంది. అందులో చదివి ఈ దేశానికి వచ్చిన పిల్లలకు దోషం లేదు. ఆ పేరు గురించి అడగని పెద్దలకు మాత్రం సమాధానం చెప్పవలసిన బాధ్యత ఉంది.

చేయవలసినవి పెద్ద ఆదర్శాలు కావు. సభలకు ఆహ్వాన పత్రాలు ఇచ్చే సంఘాలు ఎవరి పేరు మీద ఎందుకు ఇచ్చాయో లెక్క ఉంచాలి. కళాకారిణిగా పిలిచిన మనిషి ఎక్కడ బస చేస్తుందో, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందో అడిగే బాధ్యత పిలిచినవారిది. తెలుగు మాత్రమే వచ్చిన స్త్రీ ఆపదలో ఉంటే, ఆమె మాటను నమ్మకంగా ఇంగ్లీషులోకి చేర్చే అనువాదకుల జాబితా ప్రతి పెద్ద నగరంలోనూ ఉండాలి. వార్త రాసేవారు ‘వ్యభిచారం’ అన్న మాట వాడేముందు ఆ వాక్యంలో కొన్నవాడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. కథకులు ఆ అపార్ట్‌మెంటు తలుపు తెరవాలి.

మధురవాణిని మనం మెచ్చుకోవడం మొదలుపెట్టి నూరేళ్ళు దాటింది. ఆమె తెలివికి చప్పట్లు కొట్టి, ఆమె మాట్లాడిన విషయాన్ని మాత్రం పక్కన పెట్టాం. ఆ నాటకంలో వేశ్య ఇంటికి దారి ఎవరికి తెలుసో అందరికీ తెలుసు. తెలియనట్టు నటించేవారే ఎక్కువ. బర్క్‌లీ, షికాగో సంఘటనల తరువాత కూడా ఆ నటన సాగుతోంది. ‘అమ్ముకున్నది ఎవరు’ అని అడగడం మనకు అలవాటే. ‘కొన్నది ఎవరు’ అని అడగనంతకాలం మొదటి ప్రశ్నకు మనం చెప్పుకునే ఏ జవాబూ నిజం కాదు.